క్యాంపర్ వ్యాన్‌లో నీళ్ల ట్యాంకు: ఎక్కడ పెట్టాలి, ఎలా బిగించాలి, నింపేటప్పుడు నీళ్లు ఎందుకు వెనక్కి చిమ్ముతాయి

మీరు అడిగినవి నాలుగు. ఇద్దరికి నాలుగు రోజులు సరిపోయేలా 150 లీటర్ల ట్యాంకు వెనక తలుపుల దగ్గర పెట్టొచ్చా? బండి లోపల మంచిదా, కింద మంచిదా? ట్రయల్‌గా పెట్టిన ట్యాంకులో నీళ్లు పడుతుంటే కాసేపటికే వెనక్కి ఎందుకు చిమ్ముతున్నాయి? కొత్త గేజ్ ఖాళీ ట్యాంకును నిండుగా, నిండు ట్యాంకును ఖాళీగా ఎందుకు చూపిస్తోంది? నేను వ్యాన్లలో ఇల్లు కట్టే పనిలో చాలాకాలంగా ఉన్నాను. ఈ నాలుగింటిలో చిమ్మే సంగతితోనే మొదలుపెడతాను, ఎందుకంటే అది అర్థమైతే ట్యాంకు ఎలా పెట్టుకోవాలో సగం తేలిపోతుంది.

ట్యాంకు అనగానే అందరూ నీళ్ల గురించి ఆలోచిస్తారు. ఇబ్బందులు ఎక్కువగా వచ్చేది గాలితో. లోపలికి నిమిషానికి 15 లీటర్ల నీళ్లు వెళ్తుంటే అదే నిమిషంలో 15 లీటర్ల గాలి బయటికి రావాలి. దానికి విడిగా దారి లేకపోతే నీళ్లు వెళ్లే పైపులోంచే ఎదురొస్తుంది. నిండు సీసాను తలకిందులు చేస్తే బుడబుడమంటూ ఆగి ఆగి పడ్డట్టే, ఇక్కడ కూడా నీళ్లూ గాలీ ఒకే గొంతులో తోసుకుంటాయి. చివరికి తడిసేది మీ చొక్కా.

మీరు రాసినదాన్ని బట్టి మీ గాలి పైపు 8 మిల్లీమీటర్లది, పైగా ట్యాంకు మీదనుంచి కిందికి దిగి, నేల వెంబడి వెళ్లి, మళ్లీ పైకి లేచి బయటికి వెళ్తోంది. రెండూ తప్పే, అందులో రెండోది ఇంకా పెద్దది. పైపు ఎక్కడ కిందికి వంగితే అక్కడ నీళ్లు నిలుస్తాయి, నిలిచిన నీళ్లు బిరడాలా దారి మూసేస్తాయి. ఆ వంపు లోతు 20 సెంటీమీటర్లయితే, లోపలి గాలి 20 సెంటీమీటర్ల ఎత్తు నీళ్లను నెట్టుకుని బయటపడాలి. అంత కష్టం ఎందుకని వెడల్పుగా ఉన్న నింపే పైపులోంచే వస్తుంది. నమ్మకం కుదరకపోతే గాలి పైపును ట్యాంకు దగ్గర ఊడదీసి, ఆ రంధ్రం తెరిచి ఉంచి నింపి చూడండి. చిమ్మడం ఆగిపోతే తప్పు పైపుదే. అప్పటికీ చిమ్ముతుంటే నింపే పైపులో ఎక్కడో వంపు ఉన్నట్టు.

నింపే పైపు 38 నుంచి 40 మిల్లీమీటర్లు ఉండాలి, లోపల స్ప్రింగులా తీగ ఉన్న రకమైతే మలుపుల్లో నలగదు. మూత దగ్గర్నుంచి ట్యాంకు వరకు ఎక్కడా ఆగకుండా కిందికే రావాలి. గాలి పైపు కనీసం 12 మిల్లీమీటర్లు, చోటుంటే 19 పెట్టండి. అది ట్యాంకులో అన్నిటికంటే ఎత్తైన చోట మొదలై, మధ్యలో ఎక్కడా దిగకుండా పైకే వెళ్లి, నింపే మూత కంటే ఎత్తుకు చేరాలి. అక్కడ కిందికి తిరిగిన మొన పెట్టి సన్నటి జాలీ కట్టండి. లేకపోతే పురుగులు గూడు కడతాయి, దారి మళ్లీ మూసుకుపోతుంది.

ఎత్తు దాకా తీసుకెళ్లమనడానికి ఇంకో కారణం ఉంది. గాలి పైపు మొనను ట్యాంకు కంటే కిందికి, బండి అడుగుకు తెచ్చి వదిలేసేవాళ్లు చాలామంది. ఘాట్ రోడ్డు మీద నీళ్లు ఊగి ఒకసారి ఆ పైపులోకి ఎక్కి అవతలికి దిగితే సైఫన్ మొదలవుతుంది, ఆ తర్వాత ఎవరి ప్రమేయం లేకుండా ట్యాంకు ఖాళీ అవుతూనే ఉంటుంది. నిండు ట్యాంకుతో బయల్దేరి గమ్యం చేరేసరికి సగమే ఉందని వాపోయేవాళ్ల బళ్లలో నేను ముందు చూసేది దీన్నే.

గాలి దారి మూసుకుపోతే మరో ప్రమాదం, పంపు నడిచినప్పుడు. నీళ్లు బయటికి పోతుంటే గాలి లోపలికి రాదు కాబట్టి ప్లాస్టిక్ ట్యాంకు గోడలు లోపలికి పీల్చుకుపోతాయి. దీనికి తిరుగుడు కూడా అంతే చెడ్డది. కుళాయికి తగిలించిన పైపును నింపే మూతలో గాలి చొరకుండా బిగించి నింపకండి. 0.1 బార్ అంటే మీటరు ఎత్తు నీళ్ల ఒత్తిడే. అయినా ట్యాంకు పైభాగం అర చదరపు మీటరు ఉంటే దాని మీద పడే బలం దాదాపు 500 కిలోలు. కుళాయి ఒత్తిడి దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. పైపు మొనను మూతలో వదులుగా ఉంచండి, చేత్తో పట్టుకోండి, వదిలేసి కబుర్లకు వెళ్లకండి.

ఇక సైజు. లీటరు నీళ్లు కిలో బరువు, ఇందులో బేరం లేదు. 150 లీటర్లంటే ట్యాంకు, బిగింపులు కాక 150 కిలోలు. మీ వెనక ఇరుసు, ముందు ఇరుసు మధ్య 3.5 మీటర్ల దూరం ఉందని, ట్యాంకు మధ్యభాగం వెనక ఇరుసుకు 80 సెంటీమీటర్లు వెనక్కి వస్తుందని అనుకుందాం. అప్పుడు వెనక ఇరుసు మీద పడేది 150 కాదు, సుమారు 184 కిలోలు. ఆ అదనపు 34 కిలోలు ముందు చక్రాల మీదనుంచి లేచిపోతాయి. స్టీరింగ్ తేలికవుతుంది, ముందు చక్రాలతో లాగే బండి అయితే తడి ఎత్తు మీద చక్రం జారుతుంది. కాబట్టి వెనక తలుపుల దగ్గర వద్దు. రెండు ఇరుసుల మధ్య, నేలకు దగ్గరగా, వీలైనంత మధ్య గీతకు చేరువగా పెట్టండి. ఒక పక్కకే పెట్టక తప్పకపోతే బ్యాటరీలను రెండో పక్కకు జరపండి. చక్రం మీది గూడుకు అతికినట్టు వచ్చే ఆకారంలో ట్యాంకులు దొరుకుతాయి. అవి కాస్త వెనక్కే ఉన్నా ఇరుసు మీదే కూర్చుంటాయి కాబట్టి పరవాలేదు.

నాకైతే మీకు 100 లీటర్లు చాలనిపిస్తోంది. షవర్ కాకుండా తాగడం, వంట, గిన్నెలు, ముఖం కడుక్కోవడం కలిపి పొదుపుగా వాడితే మనిషికి రోజుకు 10 లీటర్లు. ఇద్దరికి నాలుగు రోజులకు 80. ఒళ్లు తడిపి, కుళాయి కట్టేసి, సబ్బు రాసుకుని, మళ్లీ తిప్పి కడుక్కునే పద్ధతిలో స్నానం 6 లీటర్లలో అయిపోతుంది. ట్యాంకుతో పాటు తాగడానికి విడిగా ఒక 20 లీటర్ల క్యాను పెట్టుకుంటే లెక్క దాదాపు సరిపోతుంది. ఆ క్యాను వల్ల ఇంకో లాభం ఏంటంటే, ఎక్కడైనా ట్యాంకు నీళ్ల మీద అనుమానం వస్తే తాగేవి మాత్రం వేరుగా ఉంటాయి. అసలు వారాంతాల్లో మాత్రమే తిరిగేవాళ్లు శాశ్వత ట్యాంకు జోలికి పోకుండా రెండు క్యాన్లు, ఒక చిన్న సబ్‌మర్సిబుల్ పంపుతో సరిపెట్టుకుంటే మంచిదని నేను గట్టిగా చెబుతాను. కడగడం తేలిక, నింపడం తేలిక, లీకేజీ టెన్షన్ ఉండదు.

లోపలా కిందా అన్నదానికి నా జవాబు: మంచినీళ్లు లోపల, వాడిన నీళ్లు కింద. కింద పెడితే చోటు మిగులుతుంది, బరువు దిగువన ఉంటుంది, నిజమే. కానీ రాళ్లు తగులుతాయి, సైలెన్సర్ వేడి తగులుతుంది, గడ్డకట్టే చలిలో ముందు పోయేది అదే. నీళ్లు మంచుగా మారితే ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది, ఆ పెరుగుదలను పంపు తలలూ కుళాయిల లోపలి భాగాలూ తట్టుకోలేవు. అన్నిటికంటే ముఖ్యంగా, బండి కింద ఉన్న ట్యాంకులో చెయ్యి పెట్టి కడగడానికి ఎవరూ పూనుకోరు.

చెయ్యి పెట్టడం అన్నాను కదా, ట్యాంకు కొనేటప్పుడు మీరు పట్టుబట్టాల్సింది అదే. మోచేయి దాకా వెళ్లేంత వెడల్పు మూత పైన ఉండాలి, ఆ మూత మీద మంచమో అల్మారానో శాశ్వతంగా వచ్చి కూర్చోకూడదు. అట్టడుగున డ్రెయిన్ వాల్వ్ ఉండాలి, నీళ్లు చివరి లీటరు దాకా దిగాలి. తాగునీటికి పనికొచ్చే పాలిథిలీన్ అని రాసి ఉన్నదే తీసుకోండి. ఇంతకుముందు రసాయనాలు నిల్వ చేసిన డ్రమ్ములు ఎన్నిసార్లు కడిగినా వద్దు. ఆ వాసన ప్లాస్టిక్‌లోకి ఇంకిపోతుంది. వెలుతురు పడే చోటైతే తెల్లటి పారదర్శకమైన ట్యాంకులో పాచి పడుతుంది కాబట్టి ముదురు రంగుది తీసుకోండి, లేదా చుట్టూ కప్పేయండి. లోపల అడ్డుపలకలు ఉన్న ట్యాంకు దొరికితే ఇంకా మంచిది. సగం నిండిన ట్యాంకు బ్రేకు వేసిన ప్రతిసారీ బండిని ముందుకు నెట్టడం డ్రైవింగ్ సీట్లో స్పష్టంగా తెలుస్తుంది.

బిగించడంలో ఒక్క విషయం మర్చిపోవద్దు. ట్యాంకుకు స్క్రూలు కొట్టకూడదు, ట్యాంకును కదలకుండా చుట్టూ కట్టాలి. అడుగంతా ఆనేలా 15 లేదా 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వేయండి. ముందువైపు గట్టి అడ్డు పెట్టండి, పైనుంచి రెండు స్టీలు పట్టీలో, బరువుకు తగ్గ బెల్టులో వేయండి. పట్టీ కింద రబ్బరు ఉండాలి. ఆ పట్టీలను ప్లైవుడ్‌కు కాకుండా బండి నేల లోహానికి, కింద వెడల్పాటి ప్లేటు వేసి, బోల్టులతో దిగ్గొట్టాలి. లెక్క చూడండి: గట్టిగా బ్రేకు వేస్తే 100 కిలోల ట్యాంకు దాదాపు 80 కిలోల బలంతో ముందుకు తోస్తుంది. గుద్దుకున్నప్పుడు వేగం తగ్గే తీరు 20 జీ దాకా, అంటే భూమ్యాకర్షణకు 20 రెట్లు, వెళ్తే అదే ట్యాంకు రెండు టన్నులు. దాని ముందు కూర్చునేది మీరే. నేలలో రంధ్రం చేసేముందు కిందికి దూరి, అక్కడ డీజిల్ ట్యాంకు, బ్రేకు పైపులు, వైర్లు లేవని మీ కళ్లతో చూసుకోండి. డ్రిల్ చేసిన అంచులకు పెయింటు పూయండి.

నిండిన ట్యాంకు పక్కలు ఉబ్బుతాయి, వేడికి సాగుతాయి కూడా. మీటరు పొడవున్న పాలిథిలీన్ ట్యాంకు చలికాలానికీ ఎండాకాలానికీ మధ్య అర సెంటీమీటరు పైగా మారుతుంది. చుట్టూ సెంటీమీటరు ఖాళీ వదలండి, పైపులను బిర్రుగా లాగి బిగించకండి.

రంధ్రాలు మీరే చేస్తుంటే హోల్‌సాను (డ్రిల్లుకు తగిలించే గుండ్రటి రంపం) నెమ్మదిగా తిప్పండి, అంచులను కత్తితో నున్నగా చేయండి, లోపల పడిన పొట్టు మొత్తం తడిగుడ్డతో తీసేయండి. ఒక్క తునక చాలు, పంపు వాల్వులో ఇరుక్కుంటుంది. కనెక్టరు రబ్బరు వాషర్ నేరుగా ప్లాస్టిక్‌కు ఆనాలి. సిలికాన్ పూస్తే లాభం లేదు, అది పాలిథిలీన్‌కు అంటుకోదు, రేపో మాపో తోలులా ఊడొస్తుంది. మరలకు మాత్రం టెఫ్లాన్ టేపు చుట్టండి. మరల్లో రెండు రకాలు ఉన్నాయని గుర్తుంచుకోండి: బీఎస్‌పీ (బ్రిటిష్ కొలత), ఎన్‌పీటీ (అమెరికన్ కొలత). అరంగుళంలో రెండింటికీ అంగుళానికి 14 మరలే, కాబట్టి మొదట బాగానే ఎక్కినట్టు అనిపిస్తుంది. కానీ మర కోణం ఒకదానికి 55 డిగ్రీలు, రెండోదానికి 60. ఒకదానికి రెండోది తగిలిస్తే ఎంత బిగించినా చెమ్మ కారుతూనే ఉంటుంది, ఇంకా బిగిస్తే ట్యాంకు పగులుతుంది.

పంపు గురించి క్లుప్తంగా. 12 వోల్టుల డయాఫ్రమ్ పంపు, నిమిషానికి 10 లీటర్ల రకం, మీకు సరిపోతుంది. పంపుకు ముందు జాలీ ఫిల్టర్ తప్పనిసరి, ఫ్యూజు తప్పనిసరి. పంపు రెండు వైపులా అర మీటరు మెత్తటి పైపు పెడితే రాత్రిపూట గోడలు మోగవు. పంపు స్విచ్చి చేతికి అందేచోట పెట్టి, బండి నడిపేటప్పుడు, పడుకునేటప్పుడు ఆపేయండి. ఎక్కడైనా పైపు ఊడితే ఒత్తిడి తగ్గిందనుకుని పంపు మొత్తం ట్యాంకును మీ చెక్క నేల మీద పోసేస్తుంది. కుళాయిలన్నీ కట్టేసి ఉన్నా పంపు అప్పుడప్పుడు ఒక్క క్షణం టుక్కుమంటుంటే ఎక్కడో కారుతున్నట్టు, లేదా పంపులోని వాల్వు సరిగా మూసుకోనట్టు. నీళ్లున్నా ఆగకుండా తిరుగుతూ నురగ నీళ్లు ఇస్తుంటే పీల్చే వైపు గాలి చొరబడుతోంది. ముందుగా జాలీ ఫిల్టర్ గిన్నె రబ్బరు చూడండి.

మొదటిసారి నింపేటప్పుడు తొందరపడకండి. 20 లీటర్లు పోసి, ప్రతి జాయింటు కింద పొడి టిష్యూ కాగితం పెట్టి, కాసేపు ఆగండి. బండిని గతుకుల మీద ఒక చుట్టు తిప్పి మళ్లీ చూడండి. ఆ తర్వాతే నిండుగా పట్టండి. గీజర్ ఉంటే అందులోకి నీళ్లు చేరి వేడినీళ్ల కుళాయి గాలి లేకుండా ధారగా వచ్చేదాకా దాన్ని ఆన్ చేయకండి.

తాగేముందు ట్యాంకును శుద్ధి చేయాలి. సువాసన లేని 5 శాతం బ్లీచ్ లీటరు నీళ్లకు 1 మిల్లీలీటరు చొప్పున, అంటే 100 లీటర్లకు 100 మిల్లీలీటర్లు. దీంతో సుమారు 50 పీపీఎం (పది లక్షల భాగాల్లో 50) క్లోరిన్ వస్తుంది. ముందు బ్లీచ్‌ను ఒక బకెట్ నీళ్లలో కలిపి పోయండి, ట్యాంకు నింపండి, ప్రతి కుళాయినీ బ్లీచ్ వాసన వచ్చేదాకా తిప్పండి. షవర్‌నూ వదలకండి. నాలుగు గంటలు, వీలైతే రాత్రంతా ఉంచి, మొత్తం వదిలేసి, వాసన పోయేదాకా మంచినీళ్లతో కడగండి. ఈ బ్లీచ్ కలిపిన నీళ్లు తాగకూడదు. తెల్లటి గార పట్టిందని ఇందులోనే వెనిగర్ పోయకండి, విషపు క్లోరిన్ వాయువు వస్తుంది. ఆ పని వేరే రోజు, బాగా కడిగాక. స్టెయిన్‌లెస్ స్టీలు ట్యాంకుకు ఇంత క్లోరిన్ ఎక్కువసేపు మంచిది కాదు. దానికి తయారీదారు చెప్పిన మందే వాడండి. ట్యాంకులో నీళ్లు వారాల తరబడి గోరువెచ్చగా నిలిచి ఉంటే లీజియోనెల్లా బ్యాక్టీరియా పెరగొచ్చు. 20 నుంచి 45 డిగ్రీల మధ్య దానికి అనుకూలం, షవర్ తుంపర్లతో ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. బండి ఆపేసి ఉంచేటప్పుడు ట్యాంకును ఖాళీ చేసి మూత తెరిచి ఆరబెట్టమనేది అందుకే.

రోజువారీ నింపడంలో నేను పాటించేవి ఇవి. తాగునీటి రకం పైపు సొంతంగా ఉంచుకోవడం, వాడాక నీళ్లు దులిపి రెండు చివరలకూ మూతలు పెట్టడం. కుళాయిని ముందు ఒక నిమిషం ఖాళీగా వదలడం. టాయిలెట్ క్యాసెట్లు (బండి టాయిలెట్ కింద మలం చేరే, ఊడదీసే డబ్బాలు) కడిగే కుళాయికి, అది ఎంత శుభ్రంగా కనిపించినా, నా పైపు తగిలించకపోవడం. అక్కడ కడిగినవాళ్లందరూ దాని మూతిని ఎక్కడెక్కడ పెట్టారో మనకు తెలియదు. నీళ్ల మీద అనుమానం ఉంటే తాగేవాటిని ఒక నిమిషం తెర్లనివ్వడం, 2,000 మీటర్ల కంటే ఎత్తులో ఉంటే మూడు నిమిషాలు. ఇక ఫిల్టర్. నలుసులు ఆపే ఫిల్టర్‌ను ట్యాంకుకు ముందు పెట్టండి, కార్బన్ ఫిల్టర్‌ను మాత్రం ట్యాంకు తర్వాత, తాగే కుళాయి దగ్గరే పెట్టండి. కార్బన్ క్లోరిన్‌ను తీసేస్తుంది. ట్యాంకుకు ముందే తీసేస్తే లోపల నిలిచే నీళ్లకు రక్షణ లేకుండా పోతుంది. చాలామంది దీన్ని తిరగేసి పెడతారు.

వాడిన నీళ్ల ట్యాంకు 70 లీటర్లుంటే మీకు చాలు, ఎందుకంటే తాగినవి, వండినవి అందులోకి రావు. సింకు నుంచి పైపు మీటరుకు 2 సెంటీమీటర్ల వాలు తగ్గకూడదు, దీనికీ గాలి దారి ఉండాలి. లేకపోతే ట్యాంకు వాసన సింకులోంచి గదిలోకి వస్తుంది.

చివరిగా గేజ్. మీది పాడవలేదు. తేలే బెండు ఉన్న సెన్సర్లలో రెండు పద్ధతులు ఉన్నాయి. ఒకదానిలో విద్యుత్ నిరోధం ఖాళీకి 0 ఓముల దగ్గర, నిండుకు 180-190 ఓములు. రెండోదానిలో ఖాళీకి 240, నిండుకు 33. మీకు సెన్సర్ ఒక పద్ధతిది, గేజ్ ఇంకో పద్ధతిది వచ్చాయి, అందుకే ముల్లు తలకిందులుగా తిరుగుతోంది. సెన్సర్ వైర్లు విప్పి, ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు మల్టీమీటర్‌తో ఓములు కొలవండి, దానికి సరిపోయే గేజ్‌కు మార్చుకోండి. మార్చాక బండిని చదునైన చోట నిలిపి, 10 లీటర్ల బకెట్‌తో కొలిచి పోస్తూ ముల్లు ఎక్కడ ఆగిందో ప్రతిసారీ చిన్న స్టిక్కర్‌తో గుర్తు పెట్టుకోండి. చక్రం గూడు ఆకారపు ట్యాంకు తీసుకుంటే ఇది మరీ అవసరం, ఎందుకంటే అందులో ముల్లు సగంలో ఉన్నప్పుడు నీళ్లు సగం ఉండవు.